కంటిలోని నెత్తుటి దారులు

“పదకొండింటికల్లా ఆ ముసలాయన క్షిపణుల కోడ్ మార్చాలి. పాత కోడ్ శత్రువుల చేతికి చిక్కింది. తేడా వస్తే మన పని గోవిందా!”

చీఫ్ ఫొటో ముందుకు తోశాడు. నిన్ననే విదేశీ సమావేశం నుంచి తిరిగొచ్చిన సైంటిస్టు. దారిలో శత్రు ముఠా ఆయన్ను మార్చేసి, నకిలీని పంపిందని కబురు.

“ఎవరు చెప్పారు సార్?” అడిగాడు ఏజెంట్ డేగ.

“నెమలి. వేలిముద్రలు, గొంతు, కాంటాక్ట్ లెన్స్ మీద కంటి డిజైన్‌తో సహా అచ్చు దించారట.”

నెమలి ఆ ముఠాలో ఉంటూ మనకు రహస్యాలు చేరవేసే అందగత్తె.

పది నలభై అయిదు. కంట్రోల్ రూమ్ ఎదుటి మెడికల్ గదిలో టెక్నీషియన్ వేషంలో డేగ, నర్సు వేషంలో నెమలి.

“సూది గుచ్చుతావా ఏంటయ్యా?” గొణిగాడు సైంటిస్టు.

“సూదీ లేదు, మందూ లేదు బాబాయ్ గారూ. కన్ను ముట్టుకోను కూడా. గడ్డం ఇక్కడ ఆనించి దీపం చూడండి.”

వెలుగు కంటిపై పాకింది. ఆ యంత్రం కదిలే నెత్తురును మాత్రమే పట్టుకుని, కంటి ముందు భాగంలోని రక్తనాళాలను గీస్తుంది. లెన్స్ మీద బొమ్మ వేయొచ్చు గానీ నెత్తురు పారించలేరు.

“ఇంకా చూస్తావేంటి? బేడీలు వెయ్యి!” డేగ చెవిలో బుసకొట్టింది నెమలి.

 డేగ ఆయన నిరుటి స్కాన్‌ను పక్కన పెట్టి పోల్చాడు. ఒక్కో నాళం, ఒక్కో చీలిక... అచ్చంగా అవే!

పది యాభై ఎనిమిది.

ఈయన అసలువాడే. మరి నెమలి ఎందుకు అబద్ధమాడింది? ఈయన్ను మనచేతే ఆపిస్తే పాత కోడ్ అలాగే ఉండిపోతుంది. మన వేలితో మన కన్నే పొడిపించబోయింది!

రెండు స్కాన్‌లూ కలవడం చూసిన నెమలి చెయ్యి ఏప్రన్‌లోకి పోయింది. డేగ చక్రాల స్టూలును బలంగా తన్నాడు. అది మోకాళ్లకు తగిలి ఆమె కూలింది. ఆమె చేతిలోని పిస్టల్ గోడవారకు జారింది.

“బాబాయ్, పరుగెత్తండి!”

ముసలాయన ఎదుటి గదిలోకి దూరాడు. కీబోర్డు టకటకలాడింది. పదకొండుకు ఒక్క సెకను ముందు తెరపై ‘కోడ్ మారింది’ అని వెలిగింది.

గార్డులు నెమలికి బేడీలు వేశారు. “నిన్ను నమ్మించానుగా!” అంది ఆమె.

“చీఫ్‌ను నమ్మించావు. ఈయన కళ్లను కాదు,” అన్నాడు డేగ.

సైంటిస్టు ఆయాసపడుతూ తిరిగొచ్చాడు.

“అదంతా సరే గానీ అబ్బాయ్, ఇంతకీ నాకు చత్వారం పెరిగిందా లేదా?”