సగం పెద్దదా, పావు పెద్దదా

ఇస్త్రీపెట్టె వేడెక్కేలోపే చెల్లెలు వంటింట్లోంచి మళ్ళీ ఆ మాటెత్తింది. అక్క తన తరగతిని ఒక్క పీరియడు ఇస్తే చాలునట. టీచరు శిక్షణ పూర్తి చేస్తున్నవాళ్ళకి విదేశంలో ఏడాది చదువుకునేందుకు స్కాలర్‌షిప్ ఇస్తున్నారనీ, నిజమైన పిల్లలకి పాఠం చెబుతూ తీసిన వీడియో పంపాలనీ, గడువు వారమే ఉందనీ ఇంటిల్లిపాదికీ ఈపాటికి కంఠతా వచ్చేసింది. ఇంటిల్లిపాదీ అంటే అక్కా అమ్మా అంతే. అమ్మ కుట్టుమిషను ముందు కూర్చుని దారం ఎక్కిస్తూ, "ఇస్తుందిలేవే వసపిట్టా, కాస్త ఊపిరాడనీ దాన్ని" అంది.

అక్క సరేనంది. ఆమె తొమ్మిదేళ్ళుగా ఒక ప్రైవేటు బడిలో మూడో తరగతికి చెబుతోంది. నాన్న చనిపోయిన నెలలోనే దొరికిన ఉద్యోగం అది. తన శిక్షణ అయిన కొత్తలో ఆమెకీ పైచదువు మీద మనసుండేది. ఎవరూ అడగలేదు, తనూ చెప్పలేదు. చెల్లెలు ఈ స్కాలర్‌షిప్ సంగతి చెప్పగానే, ఎవరూ చూడకుండా ఫోన్లో నిబంధనలు తెరిచి ముందుగా వయసు ఎంతవరకో చూసుకుంది. తను దాటిపోయింది.

పాఠం భిన్నాల మీద. అక్క ఫోను పట్టుకుని తరగతి వెనక నిలబడింది. చెల్లెలు బోర్డు మీద సగం, పావు అంకెల్లో రాసి, ఏది పెద్దదని అడిగింది. కిటికీ పక్క బెంచీలోంచి ఒక పాప, "పావు" అంది.

అక్క ఫోను మీంచి తలెత్తి చూసింది. ఆ పాప నోట్లో నాలుక లేని పిల్ల. హాజరుకి చెయ్యెత్తడమే తప్ప, బడి తెరిచినప్పటినుంచి తరగతిలో నోరు విప్పింది లేదు. అక్క పక్కన కూర్చోబెట్టుకుంది, బుజ్జగించింది, వాళ్ళమ్మని పిలిచి మాట్లాడింది. అప్పుడు రాని మాట ఇవాళ వచ్చింది, అదీ తప్పు జవాబుతో.

చెల్లెలు తప్పనలేదు. ఎందుకలా అనిపించిందని అడిగింది. రెండు కన్నా నాలుగు పెద్దది కదా అంది పాప. "నిజమే, నాలుగు పెద్దదే" అని చెల్లెలు పాప చేతికి ఒక కాగితం పట్టీ ఇచ్చి, ఇద్దరికి పంచమంది, తర్వాత నలుగురికి పంచమంది. పిల్లలు బెంచీలు దిగి చుట్టూ మూగారు. ఒకటే గోల. ఆ గోలలో పాప చేతిలోని చిన్నముక్క చూసుకుంటూ, మనుషులు పెరిగితే ముక్క తగ్గిపోతోంది టీచర్ అంది. ఆ పాప నోట టీచర్ అన్న పిలుపు అక్క ఒక్కసారీ వినలేదు.

ఇంటికొచ్చే దారిలో చెల్లెలు ఎలా ఉందక్కా, ఎలా ఉందక్కా అని ప్రాణం తోడేసింది. అక్క నడుస్తూనే తాపీగా చెప్పింది. తరగతి చెయ్యిదాటిపోయిందని. తప్పు జవాబుని అక్కడికక్కడే సరిదిద్దాలని. ఇంత గోల చూస్తే ఎంపిక చేసేవాళ్ళు నవ్వుకుంటారని. మళ్ళీ ఒకసారి, ఈసారి క్రమశిక్షణతో చెప్పమని. చెప్పేకొద్దీ అవన్నీ నిజమేనేమో అని ఆమెకే అనిపించింది. చెల్లెలి మొహం చిన్నబోయింది కానీ ఒక్క మాటా కాదనలేదు.

మర్నాడు చెల్లెలు అక్క చెప్పినట్టే చెప్పింది. పిల్లలు చేతులు కట్టుకుని కూర్చున్నారు. కిటికీ పక్క పాప బల్లకేసి చూస్తూ ఉండిపోయింది. పాఠం సగంలో చెల్లెలు ఆగిపోయింది. మంచినీళ్ళు తాగి ఎలాగో ముగించింది.

ఆ సాయంత్రం ఇంట్లో వసపిట్ట కూత లేదు. అమ్మ రెండుసార్లు పలకరించి చూసి, మిషను ఆపేసి, ఏమైందే అని నిలదీసింది. తను దరఖాస్తు పెట్టడం లేదని చెప్పింది చెల్లెలు. టీచరు ఉద్యోగం తన వంటికి పడదట, ఏదైనా దుకాణంలో చేరతానంది.

అమ్మ పెద్దకూతురి వైపు తిరిగింది. "నువ్వేం అన్నావే దాన్ని?"

"అక్కనేం అనకమ్మా" అంది చెల్లెలు. "ఇంకెవరైనా అయితే బాగుందని మొహమాటానికి అబద్ధమాడి ఊరుకునేవాళ్ళు. అక్క కాబట్టి ఉన్నమాట చెప్పింది."

అమ్మ తిట్టినా అక్క తట్టుకునేదేమో. ఈ నమ్మకాన్ని తట్టుకోలేకపోయింది.

"మొదటి పాఠం బాగుంది" అంది.

"ఓదార్చకు అక్కా."

"ఓదార్పు కాదు. నా తరగతిలో అలాంటి పాఠం ఎప్పుడూ జరగలేదు. ఆ పాప నాకోసం ఒక్కసారి నోరు విప్పలేదే. నీకు పావుగంటలో విప్పింది. చూసి ఓర్వలేకపోయాను. కుళ్ళు. అంతకన్నా వేరే పేరు లేదు దానికి."

అమ్మ మిషను ముందునుంచి లేచి వచ్చింది.

చెల్లెలు ఏడవలేదు. "నేను దేనికీ పనికిరానని నమ్మేశానక్కా" అంది నెమ్మదిగా. "నువ్వు చెప్పావు కాబట్టి నమ్మాను." లేచి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

తర్వాత అమ్మే అడిగింది, అంత కడుపుమంట నీకెప్పుడు పుట్టిందే అని. నాన్న పోయినప్పుడు తనకీ చదువుకోవాలని ఉండేదని అక్క మొదటిసారి బయటపెట్టింది. అమ్మ ఆమె తల దగ్గరికి తీసుకుంది. "అప్పుడు నాకు ఇల్లు గడవడం ఒక్కటే కనిపించిందే. నిన్ను అడగాల్సింది" అంది. "దానికీ దీనికీ చెల్లుకాదు మరి" అని కూడా అంది. అక్క తలూపింది.

చెల్లెలు మొదటి వీడియోనే పంపింది. అక్కతో మాత్రం మాట్లాడలేదు. టీ గ్లాసు అమ్మ చేత పంపించేది. పాఠం చూసిన టీచరుతో ఎంపిక కమిటీవాళ్ళు ఫోన్లో మాట్లాడతారన్న సంగతి ఇద్దరికీ తెలుసు. చెల్లెలు అక్కకి బదులు వేరే టీచరు పేరు ఇచ్చుకోవచ్చు. ఇవ్వలేదు. మార్చుకోమని చెప్పే ధైర్యం అక్కకి లేకపోయింది.

ఆదివారం పొద్దున ఫోను వచ్చింది. చెల్లెలు పెరట్లో బట్టలు ఆరేస్తోంది. అక్క పెరటి గుమ్మంలో నిలబడి మాట్లాడింది, చెల్లెలికి వినపడాలని కావాలనే లోపలికి పోకుండా. అవతలి ఆవిడ మర్యాదగా ఏవేవో అడిగి, చివరికి, ఈ అమ్మాయిని మేమెందుకు తీసుకోవాలి, మీ మాటల్లో చెప్పండి అంది.

"పిల్లలు తప్పు చెబితే నేను దిద్దుతానండీ. తను దిద్దదు, ఎలా అనుకున్నావని అడుగుతుంది. పిల్లలు మాట్లాడేది అందుకే. తొమ్మిదేళ్ళ బట్టి చెబుతున్నాను, నాకది చేతకాలేదు. ఆ రోజు ఫోను పట్టుకుని వెనక నిలబడి చూస్తే, నాకు అసూయ వేసిందండీ. బాగా వేసింది. తను నాకు చెల్లెలు, కాబట్టి నా మాట మీరు ఎంత నమ్ముతారో తెలియదు. కానీ అంత అసూయ ఊరికే పుట్టదు."

అవతలి ఆవిడ కృతజ్ఞతలు చెప్పి పెట్టేసింది.

అక్క తలెత్తింది. తడి దుప్పటి చేతుల్లో అలాగే పట్టుకుని చెల్లెలు ఆమెకేసే చూస్తోంది. నీళ్ళు ధారగా పాదాల మీదికి కారుతున్నాయి.

"వాళ్ళకి అదంతా చెప్పాలా?" అంది. అన్ని రోజుల తర్వాత అదే మొదటి మాట.

"చెప్పకపోతే ఇంకేం చెప్పను."

"నాకింకా కోపంగానే ఉందక్కా."

"ఉండనీ."

చెల్లెలు దుప్పటికేసి చూసుకుంది, కళ్ళు తుడుచుకుందామంటే చేతులు ఖాళీ లేవు. "బరువుగా ఉంది. ఆ కొస పట్టుకో" అంది.

అక్క పెరట్లోకి దిగి ఆ కొస అందుకుంది. ఇద్దరూ చెరోవైపు నిలబడి, చెరో దిక్కుకి మెలిపెట్టి పిండసాగారు. ఇద్దరి మొహాలూ తడిగానే ఉన్నాయి.