సీటు కింద ఊపిరి

మూసేసిన ఆ ఐసు ఫ్యాక్టరీ గేటు దగ్గర బండి ఆపకూడదంటారు. ఆగిందా... ఆపింది మీరు కాదంటారు!

ఎప్పుడో ఒకతను ఐసుగడ్డల మధ్య ఇరుక్కుని, ఊపిరందక, "స్స్స్..." అంటూ పోయాడట. అప్పట్నించి అటుగా వచ్చే బండ్ల ఊపిరి పీల్చేస్తుంటాడట. చూసినవాళ్ళు ఒక్కరూ లేరు గానీ చెప్పేవాళ్ళు బోలెడుమంది. అందరికంటే రక్తి కట్టించి చెప్పేది వ్యానక్క తమ్ముడు.

వ్యానక్క అంటే, లాండ్రీలో ఉతికిన దుప్పట్లను తెల్లారకముందే ఆసుపత్రికి చేరేసే ఆవిడ. బండి వయసులో ఆవిడకంటే కాస్త చిన్నది, అంతే. ఇంజను ముందు సీట్ల కిందే ఉండే పాతకాలపు పెట్రోలు వ్యాను. తమ్ముడు మెకానిక్కు. అమ్మ పోయాక వాణ్ణి అక్కే పెంచింది. వాడు పని నేర్చుకుంది కూడా ఆ బండి మీదే. అప్పట్లో ఊడదీసిన పైపు మళ్ళీ పెట్టడం మర్చిపోయేవాడు. "మతిమరుపు మొహమా! ఊడదీసిన ప్రతిదానికీ దారం కట్టుకోరా" అని అక్క తన కుట్టు డబ్బాలోంచి ఒక ఎర్రదారపు ఉండ వాడి జేబులో కుక్కింది.

ఈ నెలలో రెండుసార్లు, సరిగ్గా ఆ గేటు ముందే బండి చచ్చిపోయింది. దారి పొడుగునా తిన్నటి రోడ్డు. ఉన్న ఒక్క స్పీడు బ్రేకరూ అక్కడే. యాక్సిలరేటరు మీంచి కాలు తీసిందో లేదో... సీటు కింద "స్స్స్..." ఇంజను దగ్గి, వణికి, ఠక్కున ఆగిపోయేది. రెండుసార్లూ తమ్ముడికి ఫోన్ చేసింది. వాడొచ్చి బాగుచేసేసరికి ఆలస్యం.

"బండిలో ఏమీ లేదక్కా," గుడ్డతో చేతులు తుడుచుకుంటూ గొంతు తగ్గించేవాడు. "అది ఆ చోటు మహిమ. ఈ వయసులో నీకెందుకీ చీకటి తిరుగుళ్ళు?"

"నా వయసు సంగతి నేను చూసుకుంటా గానీ, నువ్వు ఇంజను వయసు చూడరా."

ఆసుపత్రి స్టోరు పెద్దమనిషి మాత్రం గొంతేమీ తగ్గించలేదు. "ఐదింటికల్లా దుప్పట్లు రావాలమ్మా. ఇంకొక్కసారి ఆలస్యమైతే వేరే బండికిచ్చేస్తాం. ఒకతను అప్పుడే వచ్చి అడిగిపోయాడు కూడా."

ఇరవై ఏళ్ళ పని. ఇంకొక్కసారి... అంతే.

ఆ వేళ నాలుగున్నర. ముందురోజు సాయంత్రమే తమ్ముడు మళ్ళీ సర్వీసు చేసిచ్చాడు. చల్లటి ఇంజను కదా, ఎప్పట్లాగే గాలి తగ్గించి పెట్రోలు పెంచే చోక్ లాగి స్టార్ట్ చేసింది. రోడ్డెక్కి ఇంజను వేడెక్కాక చోక్ నెట్టేసింది. గేటు కనబడింది. స్పీడు బ్రేకరు... కాలు తీసింది...

"స్స్స్..."

ఆగిపోయింది.

గేటు రేకు కిర్రుమంది. అక్క ఫోన్ తీసి, మళ్ళీ జాకెట్లో దోపుకుంది. వాడొచ్చేదాకా కూర్చుంటే పని పోయినట్టే.

"ఇదిగో, ఐసయ్యా," గుసగుసగా అంది, "నీ ఊపిరి సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు నా దుప్పట్లు చేరనీ."

చోక్ లాగి తాళం తిప్పింది. ఇంజను కుంటుకుంటూ లేచి నిలబడింది!

అక్క కళ్ళు చిట్లించింది. చోక్ లాగితే తోక ముడిచే దెయ్యమా ఇది?

పక్క సీటు ఎత్తి టార్చి వేసింది. ఈల లోపల్నించే వస్తోంది. ఇస్త్రీకి నీళ్ళు చల్లే సీసా అందుకుంది. గాలి దొంగతనంగా దూరే చోట నీళ్ళు పడితే ఇంజను గొంతు మారుతుందని తమ్ముడే ఒకప్పుడు గొప్పగా చూపించాడు. ఒక పైపు మీద చల్లింది... ఏమీ లేదు. ఇంకోదాని మీద... ఏమీ లేదు. కార్బురేటరు వెనక, వెలుగు పడని మూల —

"స్స్స్... గుళుక్!"

ఇంజను పొలమారినట్టు దగ్గింది. అక్క చెయ్యి దూర్చి తడిమింది. చిన్న ఇనప మూతి. వేలు ఆనించింది...

వేలిని లోపలికి లాక్కుంది!

అరవబోయింది. అంతలో ఈల ఆగిపోయింది. వేలు నోట్లో పెట్టగానే ఏడుపు మానిన పసివాడిలా ఇంజను ఊరుకుంది.

ఆ మూతికి ఉండాల్సిన రబ్బరు పైపు పక్కనే వేలాడుతోంది. పాతదేగా, ఊడిపోయుంటుంది... అనుకుంటూ చివర పట్టుకుని టార్చి దగ్గరికి తెచ్చింది.

చివర — ఎర్రదారం. రెండు ముళ్ళు వేసి, కొసలు సమంగా కత్తిరించి.

ఒళ్ళు జల్లుమన్నది అప్పుడు.

దారం విప్పింది. పైపును మూతికి బిగించి నెట్టింది. చోక్ తీసేసినా ఇంజను సన్నగా, బుద్ధిగా తిరుగుతోంది. అంతలో దూరంగా వెలుగు... తమ్ముడు కొత్తగా కొనుక్కున్న వ్యాను. ఇటే వస్తోంది.

తను ఫోనే చెయ్యలేదే!

అక్క ఇంజను ఆపింది. పైనున్న దుప్పటి ఒకటి లాగింది.

తమ్ముడు దిగాడు. "అక్కా... మళ్ళీ ఆగిందా? దుప్పట్లు నా బండిలో వేసేద్దాం రా..." సీటు ఖాళీ. "అక్కా?"

గేటు పక్కన చీకట్లోంచి... తెల్లగా... నిలువెత్తున లేచింది.

"స్స్స్..."

అలాంటప్పుడు ఎవరైనా "అమ్మా!" అంటారు. వాడు "అక్కా!" అని అరిచి కూలబడ్డాడు.

దుప్పటి కింద అక్కకు నవ్వు రావాలి. రాలేదు. దుప్పటి జారవిడిచింది.

"స్టోరులో అడిగిపోయింది నువ్వేనా?"

వాడు నేల చూపులు చూశాడు. "కొత్త బండికి పని దొరకలేదక్కా..."

"అడిగితే ఇచ్చేదాన్ని కదరా."



"దెయ్యమనుకున్నానక్కా," గొణిగాడు.

"నేనూ అలాగే అనుకున్నానురా, రెండుసార్లు. దెయ్యమే అయ్యుంటే ఎంత బాగుండేది!"

బండెక్కి స్టార్ట్ చేసింది. యాక్సిలరేటరు మీద కాలు పెట్టలేదు. ఇంజను ఆగలేదు. కిటికీలోంచి చెయ్యి చాచి ఏదో వదిలింది. వాడి ఒళ్ళో పడింది... ఎర్రదారం ముక్క.

"ఆ దుప్పటికి మట్టి అంటింది. ఉతికి రేపు పట్టుకురా." గేరు వేసింది. "మర్చిపోతావేమో... దారం కట్టుకో."