బానలోంచి వచ్చిన పాట

"నాకు వైన్ చూపించడానికి ఒక గైడా?" అంటూ వాజా జున్ను రొట్టెను పక్కకు తోసేశాడు. "ద్రాక్షతోటల కాఖేతిలో పుట్టినవాణ్ణి. తిబిలిసీలో బస్సెక్కి, జెండా పట్టుకున్నవాడి వెనకాల గొర్రెలా నడవాలా?"

"నడిస్తే అరిగిపోవులే. పెళ్ళిరోజు కదాని ఒక్కటే కోరిక కోరాను," అంది ఎతేరి టీ పోస్తూ. ఆ బస్సు చివర్న ఆగే చోటేదో ఆమెకు తెలుసు. అతనికి తెలియదు.

అక్కడే వాళ్ళ కూతురు నెస్తాన్ పనిచేస్తోంది. బ్యాంకు ఉద్యోగం మానేసి వైన్ చేయడం నేర్చుకుంటానని కిందటేడు ఆ పిల్ల అన్నప్పుడు వాజా ఇల్లు పీకి పందిరేశాడు. "ఆడది బానల కొట్టులో కాలు పెడితే వైన్ పులిసిపోతుంది! మా నాన్న మా అమ్మనే గడప దాటనివ్వలేదు," అన్నాడు. ఆనాటి నుంచి తండ్రీకూతుళ్ళకు మాటల్లేవు. మధ్యలో నలిగిపోయింది ఎతేరే. ఇవాళ కూడా అతను మొహం తిప్పుకుంటే ఇక ఆ ఇద్దర్నీ కలపడం తన వల్ల కాదని ఆమెకు భయంగా ఉంది.

బస్సు ఆగిన మొదటి రెండు వైన్ కొట్లలోనూ వాజా చుక్క ముట్టలేదు.

"ఒక్క గుక్క, బాబాయ్!" అని బతిమాలాడు గైడ్ బేకా.

"ఇది వైనా? సీసాకున్న సోకు లోపలి సరుక్కి లేదు."

బస్సంతా నవ్వింది. కానీ అలజానీ లోయ అవతల మంచుకొండలు ఆకాశానికి అడ్డంగా లేచేసరికి, పుట్టినప్పటినుంచీ వాటిని చూస్తున్న వాజా కూడా నోరు మూసుకున్నాడు.

చివరిదైన మూడో చోట కొట్టులోకి అడుగుపెట్టగానే చల్లదనం ఒళ్ళంతా కమ్ముకుంది. వైన్ పులియబెట్టడానికి మెడదాకా నేలలో పాతిన, మనిషి దిగేంత మట్టిబానలు. ఒకదానికి మూత తీసి ఉంది. అందులోంచి పాట వస్తోంది. భూమే పాడుతున్నట్టుంది. ఎవరూ చెప్పకుండానే మగవాళ్ళు టోపీలు తీశారు.

"లోపల దిగి బాన కడుగుతున్నారు," అన్నాడు బేకా గుసగుసగా. "పాట వినబడుతున్నంతసేపూ పైనున్నవాళ్ళకి ధైర్యం. ఆగితే లోపల ఊపిరాడటం లేదన్నమాట."

వాజా చెవి ఒగ్గాడు. "అది మా నాన్న పాట," అన్నాడు.

పాట ఆగింది. బాన మూతి అంచున రెండు చేతులు కనిపించాయి. ఆ తర్వాత తడిసిన తలగుడ్డ, దాని కింద నెస్తాన్ మొహం.

వాజా భార్యవైపు తిరిగాడు. "తెలిసే తీసుకొచ్చావా?"

"తెలిసే తెచ్చాను. ఏడాదిగా మీ ఇద్దరి మౌనం మోసి మోసి నా నడుం విరిగింది. ఇక నా వల్ల కాదు, వాజా."

అతను గుమ్మంవైపు నడిచాడు.

"వెళ్ళు నాన్నా," అంది నెస్తాన్. "వెళ్ళేముందు కడిగిన నీళ్ళు రుచి చూడు. తాతయ్య చూసేవాడే, అలాగే. బాగాలేదంటే రేపే బ్యాంకుకి పోతా."

కాఖేతివాడు ఎవరి వైన్‌నైనా కాదనగలడు గానీ, ఈ పరీక్షను కాదనలేడు. కడిగిన ఆఖరి నీళ్ళు తాగడానికి పనికొస్తేనే బాన శుభ్రమైనట్టు. వాజా వెనక్కి వచ్చాడు. నెస్తాన్ అడుగున ఉన్న నీళ్ళలో మట్టికప్పు ముంచి, పైకొచ్చి ఇచ్చింది. పొద్దుటినుంచి చుక్క ముట్టని మనిషి ఆ నీళ్ళు నోట్లో పోసుకుని కళ్ళు మూసుకున్నాడు.

"ఆ పాట నీకెవరు నేర్పారు?" అన్నాడు చివరికి.

"చిన్నప్పుడు తాతయ్య కొట్టు గడప బయట కూచోబెట్టేవారుగా నన్ను. కాళ్ళనే ఆపారు, చెవుల్ని ఆపలేదు."

వాజా కప్పు దించాడు. "ఇంకోసారి," అన్నాడు.

నెస్తాన్ మొహం వాడిపోయింది. బాన తోమే చెర్రీ బెరడు కుంచె మళ్ళీ అందుకుంది.

"కుంచె ఎందుకే? మా నాన్న మెచ్చే నీళ్ళే ఇవి," అన్నాడు వాజా. "పాట ఇంకోసారి. తోడు పాడే కింది గొంతు లేకుండా ఆ పాట ఎవరైనా పాడతారా?"

నెస్తాన్ ఏడుస్తూనే బానలోకి దిగింది. వాజా బరువైన ఒళ్ళు కూడదీసుకుని నేలమీద మోకరిల్లి, ఆ చీకటి మూతిమీదికి వంగి, తన తండ్రి పాడిన ఆ కింది గొంతు అందుకున్నాడు. కింద కూతురు, పైన తండ్రి. ఎతేరి నేలకు అరచెయ్యి ఆనించింది. లోపల భూమి సన్నగా అదురుతోంది.