మూత మీద మూడు దెబ్బలు

పాత రేవు చివర, ఒడ్డుకి లాగి కూర్చోబెట్టిన సబ్‌మెరైన్ ఒకటుంది. పగలు జనం టిక్కెట్టు కొనుక్కుని ఎక్కుతారు, దిగుతారు, ఫొటోలు తీసుకుంటారు. పొద్దు వాలాక మాత్రం అటు తొంగిచూసేవాడు ఉండడు. రాత్రి షిఫ్టు దిగిన కూలీలు కూడా దూరమైనా సరే, గోదాముల వెనక నుంచి చుట్టూ తిరిగి ఇంటికి పోతారు. ఆ పడవలోంచి చప్పుడొస్తుందని.

ఏం చప్పుడంటే... లోపల ఎవరో ఇనుము మీద కొడుతున్న చప్పుడు.

నేను విన్నది కాదు. విన్నవాడు మా మేనమామ, ఆ పడవకి కాపలాదారు. మామయ్య అబద్ధాలాడడని నేననను, అత్తయ్యతో రోజూ ఆడతాడు. కానీ ఈ ఒక్క సంగతి ఎత్తితే అత్తయ్య కూడా నోరు మెదపదు. నాకు ఆ సాక్ష్యం చాలు.

ముందు పడవ సంగతి చెప్పాలి. ఒకే ఏడు, ఒకే యార్డులో రెండు కట్టారు. అక్కాచెల్లెళ్ళు అనేవారు. యుద్ధంలో అక్క బయల్దేరింది... మళ్ళీ రాలేదు. ఏ నీళ్ళలో మునిగిందో, ఎలా మునిగిందో ఇప్పటికీ ఎవరికీ తెలీదు. చెక్కముక్క తేలలేదు, ఒక్క శవం కొట్టుకురాలేదు. ఆచూకీ లేదని చెప్పి ఊరుకున్నారు.

ఒడ్డున ఉన్నది చెల్లెలు. అందులో ఎవరూ చావలేదు. మరి చప్పుడెందుకంటారా? కప్పుకోవడానికి గుప్పెడు మట్టి కూడా దక్కనివాళ్ళు... పాపం, రావాలంటే మాత్రం ఇంకెక్కడికి వస్తారు?

మామయ్య అంతకుముందు డాక్‌యార్డులో ఫిట్టరు. అక్కడొక కట్టుబాటుంది. ఓడలో ఏ ట్యాంకు మూత బిగించాలన్నా, ముందు స్పానరుతో దానిమీద మూడు దెబ్బలు కొట్టాలి. కొట్టి, ఆగాలి. లోపల మనిషి ఉండిపోతే తిరిగి కొడతాడు. జవాబు రాకపోతేనే బిగించాలి. ఎప్పుడో ఒక పెయింటరు ట్యాంకులో కునుకు తీస్తుంటే చూసుకోకుండా బిగించేశారట. తెల్లారి తెరిచేసరికి... సరే, అది వదిలెయ్యండి. అప్పటి నుంచీ ఆ మూడు దెబ్బలు పడకుండా అక్కడ ఏ మూతా బిగియదు.

కాపలా పనిలో చేరినా మామయ్య చెయ్యి ఊరుకోలేదు. మొదటి రోజు జనమంతా దిగిపోయాక, పడవ వీపు మీదున్న మూత దించాడు. అలవాటుగా స్పానరు తీశాడు.

టక్... టక్... టక్.

ఆగాడు.

టక్... టక్... టక్ — కింది నుంచి.

ఎవడో ఆకతాయి దాక్కున్నాడనుకున్నాడు. వాడి వంశాన్నంతా తిట్టుకుంటూ మూత ఎత్తి నిచ్చెన దిగాడు. టార్చి వేసి ఇంజన్ల సందులు చూశాడు. మూడంతస్తుల పడక బల్లల కింద చూశాడు. ఒక్క మనిషి తిరగడానికి చాలని వంటగది చూశాడు, టార్పెడో గొట్టాల్లోకి తొంగిచూశాడు. పురుగు కూడా లేదు.

పైకొచ్చాడు. మూత దించి మళ్ళీ కొట్టాడు. మళ్ళీ మూడు దెబ్బలూ వినిపించాయి. ఈసారి దిగలేదు. ఎలా బిగించాడో, ఎలా ఇల్లు చేరాడో ఆయనకే తెలీదు. తిండి మానేసి ముసుగుతన్ని పడుకున్నాడు.

మర్నాడు ఆఫీసరుకి చెబితే ఆయన నవ్వాడు. "ఎండకి కాగిన ఇనుము చల్లారుతుంటే అలాగే టక్కుమంటుందయ్యా."

"ఇనుముకి లెక్కలు కూడా వచ్చా సార్?" అన్నాడు మామయ్య.

ఆఫీసరు ఫైల్లోకి తల దూర్చాడు. మామయ్య దగ్గర వేరే ఉద్యోగం లేదు. కాబట్టి రోజూ కొట్టేవాడు, రోజూ జవాబు వినేవాడు, గుండె చేత్తో పట్టుకుని బిగించేవాడు. లోపల మనుషులున్నారని తెలిసి కూడా మూత బిగిస్తున్నానేమోనని కుమిలిపోయేవాడు. నిద్రలో ఉలిక్కిపడి లేచేవాడని అత్తయ్యే చెప్పింది.

ఈ కబురు టైలరమ్మ చెవిన పడింది.

రేవు వీధిలో బట్టలు కుట్టే ఆవిడ. పెళ్ళయిన రెండో ఏడు ఆవిడ భర్త ఆ అక్క పడవలో వెళ్ళాడు. అప్పుడు చంకలో ఉన్న కొడుక్కి ఇప్పుడు పెళ్ళీడు వచ్చింది. "పోయాడు" అని ఎవరన్నా అంటే ఆవిడ ఒప్పుకునేది కాదు. "చూసినవాళ్ళెవరు?" అనేది, అంతే. మళ్ళీ మిషను తొక్కుకునేది.

ఆ ఏడు, పడవ పక్కనే పోయినవాళ్ళ పేర్లతో ఒక రాయి నిలబెట్టారు. ఇంట్లోవాళ్ళు సరేనంటేనే పేరు చెక్కుతామన్నారు. అన్ని ఇళ్ళవాళ్ళూ ఏడుస్తూనే ఒప్పుకున్నారు. టైలరమ్మ ఒప్పుకోలేదు. ఆ ఒక్క పేరు చోటు బోసిగా ఉండిపోయింది. తెల్లారితే ఆ రాయిని ఆవిష్కరించే సభ. రాయి చెక్కే ఆయన, ఆవిడ ఊ అంటే రాత్రికి రాత్రి చెక్కేస్తానని ఉలితో అక్కడే కూర్చున్నాడు.

"నాన్నకి ఆ జానెడు చోటైనా ఉండనివ్వమ్మా," అని కొడుకు కాళ్ళావేళ్ళా పడ్డాడు.

"ఒప్పుకుంటే నా చేత్తో నేనే చంపినట్టురా," అంది ఆవిడ.

పొద్దు వాలుతుండగా ఆవిడ ఒక్కతే పడవ దగ్గరికొచ్చింది. జనం వెళ్ళిపోయారు. మామయ్య మూత దించి, స్పానరు పట్టుకుని ఉన్నాడు. ఆవిడ ఇనపమెట్లెక్కి పైకొచ్చింది.

"అన్నయ్యగారూ... కొడితే జవాబొస్తుందట కదా?"

మామయ్య స్పానరు వెనక్కి తీసుకున్నాడు. "అబ్బే, అది ఇనుము చల్లారే చప్పుడమ్మా..."

"నన్ను కొట్టనివ్వండి."

ఇవ్వకూడదనుకున్నాడు. జవాబొస్తే ఈవిడ ఈ జన్మకి ఒప్పుకోదు. కొడుకు బతుకూ, ఈవిడ బతుకూ ఆ ఎదురుచూపులోనే తెల్లారిపోతాయి. కానీ ఆవిడ చెయ్యి చాచే ఉంది. స్పానరు ఇచ్చాడు.

టక్... టక్... టక్.

నిశ్శబ్దం.

ఆ రోజు ఎండ మాడ్చేసింది. ఆఫీసరు మాటే నిజమైతే ఇనుము మూడు కాదు, ముప్పై దెబ్బలు కొట్టాలి. ఏమీ లేదు... కింద నీళ్ళు ఒడ్డుని తాకుతున్న చప్పుడు తప్ప.

ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని, చెవి మూతకి ఆనించి మళ్ళీ కొట్టింది. ఈసారి గట్టిగా.

జవాబు రాకూడదని అంతసేపూ మొక్కుకున్న మామయ్య, ఇప్పుడు ఒక్క దెబ్బైనా రావాలని మొక్కుకున్నాడు. చేతిలో టార్చి ఉంది. దాన్ని రెయిలింగుకి మెల్లగా తగిలిస్తే చాలు, ఆవిడకి తెలీదు... చెయ్యి లేచింది కూడా. కానీ తగిలించలేకపోయాడు.

చాలాసేపటికి ఆవిడ తల ఎత్తింది.

"జవాబు రాకపోతే... మీ పద్ధతేంటి?"

"బిగించెయ్యాలమ్మా."

ఆవిడ ఏడవలేదు. స్పానరు తిరిగిచ్చేసి, లేచి నిలబడి, దూరంగా వెళ్ళి రెయిలింగు పట్టుకుంది.

"పేరు చెక్కమనండి," అంది. మూత వైపు చూసి, "బిగించెయ్యండి," అంది.

మూత మీద చక్రం ఉంటుంది. అది తిప్పాలంటే మామయ్య ఒళ్ళంతా వేసి గుంజాలి, తిట్టాలి, మధ్యలో ఆగి రొప్పాలి. గ్రీజు ఇప్పించండి మహాప్రభో అని ఏడాదిగా అడుగుతున్నా ఆఫీసు వినిపించుకోలేదు. లోపలివైపూ అలాంటి చక్రమే ఉంది. రెండూ ఒకే ఇరుసుకి ఉంటాయి. ఇది తిరిగితే అదీ తిరుగుతుంది.

మామయ్య పళ్ళు బిగించి పట్టుకున్నాడు. కొంచెం గుంజాడో లేదో...

చక్రం తేలిగ్గా తిరిగింది.

టైలరమ్మే సాయం పడుతోందేమోననుకుని తల తిప్పాడు. ఆవిడ రెయిలింగు దగ్గరే ఉంది. ఆవిడ చూపు మామయ్య చేతుల మీద ఉంది.

మామయ్య చేతులు తీసేశాడు.

చక్రం ఆగలేదు. తొందర లేకుండా, చెయ్యి తిరిగినవాడు తిప్పినట్టు, వరసగా తిరిగి... గట్టిగా బిగుసుకుని నిలబడింది.

మామయ్య రెండడుగులు వెనక్కి వేశాడు. ఆవిడ మాత్రం మెల్లగా దగ్గరికొచ్చింది. చక్రం మీద అరచెయ్యి ఆనించి, అలాగే ఉండిపోయింది.

"పడవ నీళ్ళ కిందికి దిగే ముందు ప్రతిసారీ లోపలి నుంచి మూత బిగించేది మా ఆయనే, అన్నయ్యగారూ," అంది.