ఘాటీ మీద ఆగిన కారు

చచ్చిపోయిన మనిషి కారు మళ్ళీ రేసులో పరుగెత్తబోతోంది. జగదల్‌పూర్ బజారులో ఎవరి నోట విన్నా ఇదే మాట.

దసరా రథం చక్రాలు ఆగాయంటే బస్తర్ సంస్థానంలో మోటారు చక్రాల ముచ్చట మొదలవుతుంది. అది 1938 చలికాలం. యూరప్‌లో యుద్ధం వస్తుందా రాదా అని లోకమంతా చెవులు రిక్కిస్తుంటే, జగదల్‌పూర్ హోటళ్ళలో మాత్రం ఈ సీజన్‌లో కొత్తగా దిగే ముగ్గురు డ్రైవర్లలో మొనగాడెవరన్నదే చర్చ. ఒకడు కలకత్తా జనపనార దొరగారి కొడుకు పెర్సీ. గేర్లు మార్చడం కన్నా మీసం దువ్వడం బాగా వచ్చినవాడు. రెండోది ఇలోనా. బుడాపెస్ట్ నుంచి నీలం రంగు కారుతో, మెడలో పట్టు స్కార్ఫుతో దిగిన అందగత్తె. మూడోవాడు సోమారు, కొంటా వైపు దోర్ల తెగ యువకుడు. లారీ స్టీరింగు తప్ప వేరే ఎరుగనివాడు. అయినా బజారంతా అతని పక్షమే. కారణం, అతను హడ్మా తమ్ముడు.

పోయిన సీజన్‌లో హడ్మాను గెలిచినవాడు లేడు. ఆఖరి రేసులో కారిమెట్ట ఘాటీ కొండదారి మలుపు దగ్గర అతని ఎర్ర కారు లోయలోకి దొర్లింది. ఆ కారును పైకి లాగించి, కొత్త ఇరుసు, కొత్త స్టీరింగు వేసి సోమారు కోసం తిరిగి నిలబెట్టినవాడు మెకానిక్ ముత్తయ్య. జనానికి తెలిసింది అంతవరకే. సంస్థానాల రహస్య విభాగంలో అతని పేరు ఏజెంట్ జెడ్-ఫోర్.

ముత్తయ్యను ఒక సంగతి పీడిస్తోంది. ఇరుసులో, స్టీరింగులో పాత భాగాలేవీ లేవు. అయినా ఖాళీ రోడ్డు మీద వదిలితే బండి ఎడమకు లాగుతుంది, హడ్మా పోయిన రోజు లాగినట్టే. ఒక్కోసారి షెడ్డులో ఇంజను ఆపాక కూడా డ్రైవరు సీటులోంచి హడ్మా దగ్గు వినిపిస్తుంది. ముత్తయ్య వెనక్కి తిరిగి చూడడం మానేశాడు.

రేసు ముందురోజు పొద్దున్నే ఆ విభాగం అధిపతి మేజర్ ప్రిచర్డ్ నుంచి పిలుపు వచ్చింది. గెస్ట్‌హౌస్ గేటు దగ్గర తోటమాలి కత్తెర ఆపకుండానే అడిగాడు.

"ఇప్పపూలు రాలాయా?"

"మంచు ఇంకా విడవలేదు" అన్నాడు ముత్తయ్య. గేటు తెరుచుకుంది.

మేజర్ మాటల్లో పొదుపు మనిషి. బైలాడిలా కొండల్లో మేలురకం ఇనుము ఎక్కడ ఎంత లోతున ఉందో డాక్టర్ ఫెన్విక్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు కనిపెట్టాడు. ఆ వివరమంతా ఆయన బుర్రలో ఉంది. యుద్ధం వస్తే ఆ ఇనుము ఫిరంగులవుతుంది. అది బ్రిటిషు వాళ్ళకు దక్కకూడదని ఒక విదేశీ ముఠా ఆయన్ని లేపేయడానికి దిగింది. రేపు సీజన్ మొదటి రేసు, జగదల్‌పూర్ నుంచి దంతెవాడకు. మోటారు క్లబ్బు ఆచారం ప్రకారం అందరికన్నా చిన్న డ్రైవరు ముఖ్య అతిథిని ఎక్కించుకుని ముందుగా దారి తెరవాలి.

"అతిథి ఫెన్విక్. డ్రైవర్ సోమారు. నువ్వు మెకానిక్ సీటులో."

"రేసు రద్దు చేస్తే?"

"ముఠా మాయమవుతుంది. వచ్చేసారి ఎక్కడ కొడుతుందో మనకు తెలియదు. ఫెన్విక్ కూడా ఒప్పుకున్నాడు."

ఫెన్విక్ ఒప్పుకున్నాడు సరే, సోమారును ఎవరడిగారు? అనుకున్నాడు ముత్తయ్య. కొంటాలో హడ్మా తల్లి గంగాకు మిగిలింది ఈ ఒక్క కొడుకే.

ఆ రోజంతా పోలీసులు ఘాటీని జల్లెడ పట్టారు. కల్వర్టుల కిందకు దూరారు, పొదలు కొట్టారు, రాయి రాయి తిప్పారు. ముత్తయ్య కూడా వెంట ఉన్నాడు. మలుపు దగ్గర స్విస్ పత్రికా ఫొటోగ్రాఫర్ క్రామెర్ బండ మీద కెమెరా స్టాండు సర్దుకుంటూ అందరికీ సిగరెట్లు పంచాడు. అతని పెట్టె కూడా విప్పి చూశారు. ఏమీ దొరకలేదు.

సాయంత్రం క్లబ్బు విందులో ఇలోనా, కారు మొరాయిస్తోందన్న నెపంతో ముత్తయ్యను బయటికి పిలిచింది. బానెట్ పైకెత్తి, దాని చాటున వచ్చీరాని హిందీలో నెమ్మదిగా మాట్లాడింది. ఆమె ముఠా మనిషి. ఏడాదిగా మేజర్‌కు కూడా మనిషే. పని పూర్తయ్యాక ఘాటీ పైనుంచి ఒక మనిషిని ఎక్కించుకుని పారిపోవాలని ఆమెకు ఆజ్ఞ అందింది. ఎవరిని, ఎలా అన్నది చెప్పలేదు.

"ఒక్క ముక్క విన్నాను. కారు ఆగినప్పుడు అన్నారు. ఘాటీ మీద ఆగకండి."

ముత్తయ్య బానెట్ దించాడు. సోమారు ఎక్కడ ఆగుతాడో అతనికి తెలుసు.

ఆ సీమలో దారి మీద అకాల మరణం పాలైన మనిషికి చచ్చిన చోటే కొమ్మల కుప్ప లేస్తుంది. ఆ దారిన పోయే ప్రతివాడూ ఆగి ఒక పచ్చి కొమ్మ వేసి పోవాలి. వేయకపోతే పోయినవాడు వెంట నడుస్తాడు. ఏడాదిగా బండ్లవాళ్ళూ లారీలవాళ్ళూ వేసిన కొమ్మలతో హడ్మా కుప్ప నడుమెత్తు పెరిగింది.

షెడ్డులో టైర్లు చూసుకుంటున్న సోమారుకు ముత్తయ్య ఇక దాచకుండా విషయం చెప్పాడు. రేపు ఆగితే ప్రాణం పోతుందన్నాడు. సోమారు పంపు కింద పెట్టాడు.

"ఆగకపోతే మా అన్న ఏమనుకుంటడు?"

"సచ్చినోడు ఏమనుకుంటడురా? నీ అవ్వ సంగతి ఆలోచించు."

"సచ్చినోడంటవేంది? నువ్వు రోజూ ఆ సీటు దిక్కు సూడకుండ తిరుగుతలేవా?" అన్నాడు సోమారు. గొంతు పెంచలేదు. "అవ్వనే సెప్పింది, కొమ్మెయ్యకుండ ఘాటీ దాటొద్దని. వేరే డ్రైవర్‌ను సూసుకో అన్నా. లేదంటే నేను ఆగుత."

వేరే డ్రైవరు దొరకడని ఇద్దరికీ తెలుసు. ఆ కారును తాకడానికి జగదల్‌పూర్‌లో ఎవడూ సిద్ధంగా లేడు.

మర్నాడు మంచు పాలమీగడలా పట్టింది. జనం కేకల మధ్య ఎర్ర కారు ముందు కదిలింది. వెనక సీటులో ఫెన్విక్ కంబళి కప్పుకుని పైపు నములుతున్నాడు. కొంత ఎడం ఇచ్చి వెనకాల ఇలోనా, ఆ తరువాత పెర్సీ. ముత్తయ్య కోటు కింద రివాల్వరు, ఒళ్ళో గుగ్గిలం చెట్టు కొమ్మ. అది సోమారు దారిలో విరిచి ఇచ్చింది.

ఘాటీ మొదలవగానే స్టీరింగు ఎడమకు లాగసాగింది. సోమారు దాన్ని సరిచేయలేదు. వదిలేశాడు. కారు తన దారి తనకే తెలిసినట్టు మలుపులు ఎక్కింది. మూడో గేరు మోతలో సన్నటి దగ్గు. ముత్తయ్య మంచులోకి చూస్తూ కూర్చున్నాడు.

మలుపు వచ్చింది. సోమారు హ్యాండ్ బ్రేకు లాగాడు. ఎదురు ఎత్తు మీద కారు నిలిచింది. ముందు చక్రానికి మూరెడు అవతల హడ్మా కుప్ప. ముత్తయ్య ఫుట్‌బోర్డు మీదికి దిగి చుట్టూ చూశాడు. మనిషి అలికిడి లేదు. కొమ్మ వేయడానికి వంగినవాడు వంగినట్టే ఆగిపోయాడు.

కుప్ప మీద కొత్త కొమ్మలు చాలా ఉన్నాయి. వాటి మొదళ్ళు ఏటవాలుగా, నున్నగా, తెల్లగా మెరుస్తున్నాయి.

చనిపోయినవాడికిచ్చే కొమ్మకు ఇనుము తగలకూడదు. తగిలితే వాడు అక్కడినుంచి పారిపోతాడు. కొంటా నుంచి కేశ్‌కాల్ వరకు పసిపిల్లకు కూడా తెలుసు. ఎవరైనా చేత్తోనే విరుస్తారు. విరిచిన మొదలు పీచు లేచి ఉంటుంది.

"అన్నా" అన్నాడు సోమారు సీటులోంచి. "కత్తి పెట్టి కోసిండ్రు."

నిన్న పోలీసులు ఘాటీ అంతా తిరగేశారు. ఈ ఒక్క కుప్ప మీద మాత్రం చెయ్యి వేయలేదు. ఏ కానిస్టేబులూ వేయడు. ముత్తయ్యా వేయలేదు. వాళ్ళు వేయరని తెలిసిన మనిషి ఎవడో రాత్రికి రాత్రి దాని పొట్ట విప్పి, ఏదో పెట్టి, కొత్త కొమ్మలు నరికి కప్పాడు.

గాలి వీచింది. మంచు తెర చీలింది. పై బండ మీద కెమెరా. నల్లగుడ్డ కింద క్రామెర్. మంచు విడవాలనే ఇంతసేపు కాచుకున్నట్టు అతని చేతిలో షట్టరు వైరు. ఆ వైరు కెమెరాకు పోవడం లేదు. బండ దిగి, ఆకుల కిందగా రోడ్డు వైపు వస్తోంది.

"కదిలియ్ రా" అన్నాడు ముత్తయ్య.

ముందుకు పోవాలంటే కుప్పను రాసుకుంటూ పోవాలి. సోమారు గేరు జోలికి పోలేదు. బ్రేకు వదిలేశాడు.

కారు వెనక్కి జారింది. ముత్తయ్య తలుపు పట్టుకుని వేలాడాడు. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ, వెనక కనపడని మలుపు. సోమారు తల తిప్పలేదు. కళ్ళు కుప్ప మీదే ఉన్నాయి. స్టీరింగు మాత్రం గిర్రున తిరిగింది, మళ్ళీ ఇటు తిరిగింది. వెనక చక్రం లోయ అంచున రాళ్ళు దొర్లించి లోపలికి వచ్చింది. కారు కొండ చాటుకు చేరిన క్షణాన కుప్ప పేలి ఘాటీ దద్దరిల్లింది. రాళ్ళు, ఆకులు, మట్టి వానలా కురిశాయి. కారు కొండకు ఆనుకుని ఆగింది.

ఫెన్విక్ ఒంటి మీద దుమ్ము తప్ప గాయం లేదు. సోమారు చేతులు ఇంకా చక్రం మీదే ఉన్నాయి.

"బాగ తిప్పినవ్ రా" అన్నాడు ముత్తయ్య.

సోమారు అతని వైపు చూశాడు. 

"నేను తిప్పలే అన్నా."

ముత్తయ్య జవాబు చెప్పే లోపే నీలం కారు వాళ్ళను రాసుకుంటూ పైకి దూసుకుపోయింది. సగం తెగిన రోడ్డు మీద రెండు చక్రాల వెడల్పు మిగిలింది. ఇలోనాకు అది చాలు. అవతల బండ దిగి పరుగెత్తుతున్న క్రామెర్ ఆమె పక్క సీటులోకి దూకాడు. ఆమె ఎక్కడా ఆగలేదు. బస్తర్‌లో ఎవరూ చూడని వేగంతో అతన్ని తిన్నగా దంతెవాడలో రేసు ముగిసే గీత దగ్గరికి, అక్కడ సంకెళ్ళు చేతపట్టి నిలబడ్డ మేజర్ ప్రిచర్డ్ ముందుకు చేర్చింది.

క్రామెర్ అన్నీ ఒప్పుకున్నాడు, హడ్మా చావుతో సహా. కెమెరా పెట్టెలో దాచిన వైర్‌లెస్‌ను హడ్మా చూసిన పాపానికి పోయిన సీజన్‌లో స్టీరింగు బోల్టు వదులు చేశానన్నాడు. ఎటువైపు లాగేలా చేశావని ముత్తయ్య అడిగాడు. ఎడమ వైపు అని చెప్పాడు క్రామెర్.

తిరుగు దారిలో సోమారు ఘాటీ మీద కారు ఆపాడు. కుప్ప లేదు, గుంట మాత్రం ఉంది. ఒక కొమ్మ విరిచి అందులో వేశాడు. ఆపైన స్టీరింగు ఎటూ లాగలేదు. ముత్తయ్యకు అది ఊరటగా ఉండాల్సింది. ఎందుకో ఖాళీగా అనిపించింది.

క్లబ్బు మాత్రం తన పని మానలేదు. పోటీలో వెనక్కి నడిపినందుకు సోమారును అనర్హుడిగా ప్రకటించి, అందరికన్నా ముందు గీత దాటిన ఇలోనాకు కప్పు అందించింది. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మేజర్ చెవిలో గొణిగింది.

"రెండు పక్షాలకూ పని చేశాను. ఇచ్చింది ఒక్క కప్పేనా?"