కొమ్మనపెంటలో పట్టుచదువరి

ఉదయం ఆరున్నరకు కొమ్మనపెంటలో తుపాకి ఉన్న ప్రతి ఇంట్లో ఒకే పని జరుగుతుంది. లైసెన్సు ఉన్న మనిషి గోడకున్న కొయ్య నుంచి తుపాకి దించి, రెండు చేతులతో ఒక నిమిషం పట్టుకుంటారు. నిమిషం పూర్తయ్యాక తుపాకి ఒక సంఖ్య చెబుతుంది. అది విన్నాకే పొయ్యి మీద టీ గిన్నె పెడతారు.

2074 సెప్టెంబర్ పదకొండున మన్వితమ్మ తుపాకి డెబ్బై నాలుగు అంది. వెంటనే లోపల టక్కుమంది. ట్రిగ్గర్ బిగుసుకుపోయింది.

"ముప్పు సూచిక పరిమితి దాటింది. సేకరణ డ్రోన్ పది గంటలకు వస్తుంది. విచారణ ముప్పై రోజుల్లో జరుగుతుంది. సహకరించినందుకు ధన్యవాదాలు," అంది తుపాకి.

"నేనేం సహకరించిన్నే?" అంది మన్వితమ్మ.

ఆమెకు యాభై రెండేళ్లు. అడవి అంచున మూడెకరాల మక్కజొన్న ఉంది. కంకి పాలు పోసుకుంటోంది. కోతకు ఇంకా పద్దెనిమిది రోజులు. పందులకు కావలసింది సరిగ్గా ఈ పద్దెనిమిది రోజులే. సైరన్లు, లైట్ డ్రోన్లు మూడు సీజన్లు పనిచేశాయి. నాలుగో సీజన్‌కి పందులు ఆ లైట్ల వెలుగులోనే మేయడం నేర్చుకున్నాయి. తుపాకి శబ్దానికి మాత్రం ఇప్పటికీ పరిగెడతాయి. పంటరక్షణ లైసెన్సులు మళ్లీ ఇవ్వడం మొదలుపెట్టింది అందుకే.

ఆమె కూతురి పేరు ఈదమ్మ. ఆ తరంలో పాత పేర్లు తిరిగి వచ్చాయి. ఇరవై నాలుగేళ్ల ఆ పిల్లను చేనిగట్టు మీద కట్లపాము కరిచింది. చనిపోయి ఆ రోజుకు పదకొండు రోజులు.

తుపాకి పిడికి అతికించిన పట్టీ పేరు పట్టుచదువరి. ఇంగ్లిష్‌లో గ్రిప్ రీడర్ అంటారు. అది అరచేతిలో నాడిని, చెమటను, వేళ్ల వణుకును, కండరాల బిగువును కొలుస్తుంది. వాటిని ఆ మనిషి గత తొంభై రోజుల కొలతలతో పోల్చి, సున్నా నుంచి వంద లోపు ఒక అంకె ఇస్తుంది. దాన్ని ముప్పు సూచిక, రిస్క్ ఇండెక్స్ అంటారు. 2068లో వచ్చిన ముందుజాగ్రత్త స్వాధీన చట్టం ప్రకారం సూచిక డెబ్బై దాటితే తుపాకి పోతుంది. నేరం జరగనక్కర్లేదు. ఫిర్యాదు, సాక్షి అక్కర్లేదు. తను ప్రమాదకారి కానని యజమానే విచారణలో నిరూపించుకోవాలి.

పట్టుచదువరిని తయారుచేసింది డాక్టర్ సమీరా. ఆ రోజు తొమ్మిదింటికి ఆమె కారు కొమ్మనపెంట పంచాయతీ ఆఫీసు ముందు ఆగింది.

ఆమె వచ్చింది మన్వితమ్మ కోసం కాదు. రాష్ట్రం సగటు సూచిక ముప్పై ఎనిమిది. నలభై ఒక్క తుపాకులున్న కొమ్మనపెంటలో అది పదమూడు. ఆరేళ్లలో ఈ ఊళ్లో ఎవరూ ముప్పై దాటలేదు. పట్టీలు పాడయ్యాయేమో అని రెండుసార్లు మార్పించింది. కొత్తవీ పదమూడే చూపించాయి. ఊరి నీళ్లు పరీక్ష చేయించింది. మామూలు నీళ్లే. ఇక తనే బయలుదేరింది. కొమ్మనపెంటలో మొదటిసారి ఒక తుపాకి లాక్ అయిందన్న కబురు దారిలో అందింది.

మన్వితమ్మ పంచాయతీ ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఉంది. తుపాకి ఒళ్లో ఉంది.

"ఈ యంత్రం చేసింది నువ్వేనంట గద, డాక్టరమ్మా?"

"అవునమ్మా."

"మరి దీన్నడుగు. నేనెవర్ని సంపబోతున్ననో చెప్పుమను."

డాక్టర్ సమీరా పట్టీ మీద బొటనవేలు ఉంచింది. "కారణం?"

"కారణం చెప్పడం నా పరిధిలో లేదు. సూచిక చెప్పగలను. డెబ్బై నాలుగు," అంది పట్టుచదువరి.

"సూశినవా? దానికి తెల్వది, నీకు తెల్వది. నన్నేమో అడిగెటోడే లేడు."

"ఇది శిక్ష కాదమ్మా, జాగ్రత్త. పోయినేడు ఒక ఊళ్లో ఒకతనికి డెబ్బై రెండు వచ్చింది. తుపాకి తీసుకున్నాం. మూడో రోజు పెళ్లాం మీద కత్తి ఎత్తాడు. ఆమె బతికింది. తుపాకి ఉంటే బతికేది కాదు."

మన్వితమ్మ ఒళ్లో తుపాకి సర్దుకుంది.

"ఆయమ్మ బతికింది, మంచిదే. కాని ఆడు పెళ్లాన్ని కొడ్తున్నడని ఆ ఊరికి తెల్వదా? ఆమెనడిగితే చెప్పకపోవునా? మనుషులనడగనీకి బద్దకమై, చేతులనడుగుతున్నరు మీరు."

"విచారణలో ఇదే చెప్పండి."

"ముప్పై దినాలకు గదా విచారణ? అప్పటికి నా చేన్ల ఏముంటది, పంది పెంటనా? తప్పు చేసినోనికి గూడ ముందుగాల మాట్లాడనిచ్చి, ఎనక శిక్షేస్తరు. నాకు ముందే శిక్షేసి ఎనక మాట్లాడుమంటున్నరు. అనుమానం మీది, మక్క నాది."

డాక్టర్ సమీరా నోట్‌బుక్ తీసి ఆఖరి వాక్యం రాసుకుంది. తర్వాత, తను ఏ ప్రశ్న కోసం వచ్చిందో అది అడిగింది.

"ఈ ఊళ్లో మిగతా నలభై మందికి పదమూడు, పన్నెండు ఎలా వస్తున్నాయి? మీకూ నిన్నటి దాకా పద్నాలుగే వచ్చింది."

"సాయిచరణ్ తాత నేర్పుతడు. పొద్దుగాల ఆరింటికి పాలకేంద్రం అరుగు మీద కూసోబెడ్తడు. అర్ధగంట. అటెన్క ఇండ్లకు వొయ్యి తుపాకి పట్టుకుంటం."

"ఏం నేర్పుతాడు?"

"ఎవ్వరి మొఖం కండ్ల ముంగటికి రానియ్యొద్దు. గదొక్కటే. మొగని మొఖం, పిల్లల మొఖం, తిట్టినోని మొఖం, ఏదీ రావద్దు. మొదట్ల నెలరోజులు వట్టింది నాకు."

"ఇవాళ ఎందుకు వెళ్లలేదు?"

మన్వితమ్మ ఆమె వైపు చూసింది. "బిడ్డ పోయి పదకొండు దినాలైంది. ఇయ్యాల పొద్దుగాల కూడు వెట్టినం. ఇయ్యాల గూడ దాని మొఖం రావద్దంటవా?"

పదింటికి డ్రోన్ వచ్చింది. తయారీదారుకి ఒక అధికారం ఉంది. సందేహం ఉంటే స్వాధీనాన్ని ఒక రోజు ఆపి పునఃపఠనం, అంటే రీ-రీడ్ చేయించవచ్చు. డాక్టర్ సమీరా కాగితం మీద సంతకం చేసి డ్రోన్‌ను వెనక్కి పంపింది. తుపాకిని పంచాయతీ బీరువాలో పెట్టించింది. మర్నాడు ఆరున్నరకు మళ్లీ చదవాలి.

సాయిచరణ్‌కు డెబ్బై ఏళ్లు. పాలకేంద్రం వెనక ఒక గది ఇల్లు. అరుగు మీద చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూర్చుని ఉన్నాడు. రాష్ట్రంలో అన్నిటికంటే తక్కువ సూచిక అతనిది. ఆరేళ్లుగా ఎనిమిది.

"రాండ్రి మేడం. మీరొస్తరని అనుకుంటనే ఉన్న. గా చాప మీద కూసోండ్రి."

"పాఠం చెబుతున్నారట?"

"పాఠమేంది మేడం, దమ్ము వట్టుడు. ఊరోల్లు నన్ను సూశి, తాతా నీకు ఎనిమిదెట్ల వస్తదని అడిగిండ్రు. నాకు తెల్సింది చెప్పిన. తుపాకులు నిల్సినయి. పంటలు నిల్సినయి."

ఆమె అతని తుపాకి అడిగి తెప్పించి, అతని చేతుల్లోనే ఉంచి, పట్టీకి తన పరికరం కలిపింది. సరిచూపు పరీక్షకు, కాలిబ్రేషన్‌కు, ప్రశ్నల జాబితా ఒకటి ఉంటుంది. ప్రయోగశాలలో వెయ్యి మందిని అడిగిన జాబితా. పేరు, ఊరు, తిన్న తిండి, చివరిసారి ఎప్పుడు ఏడ్చారు.

"యాదికి లేదు మేడం."

ఎనిమిది.

"ఎవరి మీదైనా గట్టిగా కోపం వచ్చిందా?"

"కోపమొస్తే పని చెడ్తది."

ఎనిమిది.

తొమ్మిదో ప్రశ్నకు ప్రయోగశాలలో వెయ్యి మందీ లేదనే చెప్పారు. జవాబు కోసం కాదు, ఆ ప్రశ్న వినగానే నాడి ఎంత ఎగురుతుందో చూడటానికి పెట్టారు దాన్ని.

"ఎప్పుడైనా మనిషికి తుపాకి గురిపెట్టారా?"

"ఆఁ. పెట్టిన."

ఆమె తల ఎత్తింది. పరికరం మీద ఎనిమిది కదల్లేదు.

"ఎవరికి?"

"మా తమ్మునికి. అభిరామ్. ముప్పై మూడేండ్లయింది. గట్టు కాడ లొల్లి. నాలుగు గుంటల భూమి కోసం."

"తర్వాత?"

"కాల్చిన. పంది అనుకున్న అని చెప్పిన. పోలీసోల్లు గట్లనే రాసుకున్నరు." చేతులు తుపాకి మీద ఉన్నాయి కనుక చిక్కుడుకాయ తీయలేక ఆగాడు. "అయిపోయిందా మేడం? కూరకు యాల్లవుతుంది."

"నాకెందుకు చెప్పారు?"

సాయిచరణ్ నిజంగానే ఆలోచించాడు. "మీరు అడిగిండ్రు గద. ఇన్నేండ్లల్ల నన్నెవ్వరూ అడగలె. ఈ పట్టీ గూడ నా చేతులనడిగింది గని, నన్నేం అడగలె."

"ఊరికి తెలుసా?"

"తెల్సు మేడం. తెల్వకపోతే నా కాడికి నేర్సుకోనీకి ఎందుకొస్తరు? ఈ పట్టీకేం గావాల్నో అది నా కాడ ఉన్నదని ఆల్లకు తెల్సింది."

పట్టుచదువరి పలికింది. "సూచిక ఎనిమిది. ముప్పు లేదు."

డాక్టర్ సమీరా కారులో కూర్చుని జిల్లా లైసెన్సు అధికారికి ఫోన్ చేసింది. ఆయన ఓపిగ్గా విన్నాడు. ప్రమాదంగా మూసిన కేసును ముప్పై మూడేళ్ల తర్వాత తెరవాలంటే పోలీసులకు రాయాలి, వాళ్లు చూస్తారు అన్నాడు.

"ఈలోగా ఆయన తుపాకి?"

"ఏ చట్టం కింద తీసుకోమంటారు మేడం? సూచిక ఎనిమిది. మీ యంత్రమేగా చెప్పింది."

"ఇక్కడ ఒకావిడకి డెబ్బై నాలుగు వచ్చింది. ఆమె ప్రమాదకారి కాదని నేను రాసిస్తాను."

"రాయండి. ఫైల్లో పెడతాను. సూచిక డెబ్బై కిందికి రాకుండా తుపాకి ఇచ్చే వీల్లేదు. మనిషి మాట మీద ఇవ్వకూడదని ఆ నిబంధన పెట్టించింది కూడా మీరే."

అది నిజం. 2068లో నిపుణుల కమిటీ ముందు ఆమె అరగంట మాట్లాడింది. మనిషి అభిప్రాయంలో పక్షపాతం ఉంటుందని, యంత్రంలో ఉండదని చెప్పింది. ఆ ప్రసంగానికి అందరూ చప్పట్లు కొట్టారు.

సాయంత్రం ఐదింటికి ఆమె మన్వితమ్మ ఇంటికి వెళ్లింది. కూతురి ఫోటో ముందు దీపం ఉంది. మన్వితమ్మ కందిపప్పు చెరుగుతోంది.

"ఏమైంది డాక్టరమ్మా? నా తుపాకి ఇస్తవా?"

"నా చేతుల్లో లేదమ్మా. రేపు పొద్దున సూచిక తగ్గాలి."

"ఏడ్వకుండ పట్టుకోవాల్నంటవు."

డాక్టర్ సమీరా గడప దగ్గర నిలబడింది. తెలిసిన దారి ఒకటే ఉంది. ఆ దారి ఎవరి అరుగు మీదికి పోతుందో కూడా ఆమెకు ఇప్పుడు తెలుసు. బయట మూడెకరాల మక్క కనబడుతోంది. చేను చివర నిన్నటి పందుల జాడలు ఉన్నాయి.

"రేపు ఆరింటికి పాలకేంద్రానికి వెళ్లండి," అంది. "ఒక్క నిమిషం కోసమే కదా."

మన్వితమ్మ చేట కింద పెట్టింది. "తాత కాడికి పొమ్మంటవు. నువ్వు."

"అవునమ్మా."

"సరే తియ్."

మర్నాడు ఆరున్నరకు పంచాయతీ బీరువా తెరిచారు. రాత్రి పందులు పడమటి వైపు అరెకరం తొక్కిపోయాయని ఎవరో చెప్పారు. ఆ మాటకు మన్వితమ్మ తల కూడా తిప్పలేదు. పాలకేంద్రం నుంచి నేరుగా వచ్చింది. తుపాకిని రెండు చేతులతో అందుకుని పట్టుకుంది. డాక్టర్ సమీరా ఆమె వేళ్ల వైపు చూసింది. నిన్న మెట్ల మీద మాట్లాడేటప్పుడు ఆ వేళ్లు వణికాయి. ఇప్పుడు వణకడం లేదు.

నిమిషం పూర్తయింది.

"పదకొండు. ముప్పు లేదు," అంది పట్టుచదువరి. లోపల టక్కుమంది. ట్రిగ్గర్ వదులైంది.

అప్పగింత కాగితం మీద సంతకం చేయాల్సింది డాక్టర్ సమీరానే. పెన్ను తీసింది. ఆరేళ్లలో ఇలాంటి నాలుగు వందల పైచిలుకు కాగితాల మీద సంతకం చేసింది. ఎన్నడూ అవతలి మనిషి ముఖం చూడలేదు. ఈసారి చూసింది. పెన్ను కాగితం మీదికి దిగలేదు. నిన్న డెబ్బై నాలుగుతో వచ్చి తగువాడిన మనిషికైతే అడగగానే సంతకం చేసి ఇచ్చేది.

"ఏంది డాక్టరమ్మా? తగ్గింది గద."

"తగ్గింది." ఆమె పెన్ను పక్కన పెట్టింది. "మీరు బాగున్నారా, అమ్మా?"

మన్వితమ్మ చేతిలో తుపాకి కదలకుండా ఉంది.

"నిమిషమే అన్నవు," అంది. "నిమిషం అయిపోయింది. నా బిడ్డ మొఖం ఇంకా వస్తలేదు."