కరక్కాయ పట్టని ఎరుపు

మిట్టమధ్యాహ్నం పన్నెండు గంటలు...!

వైశాఖ అమావాస్య. సిరోంచ మీద నిప్పులు కురుస్తున్నాయి. ప్రాణహిత ఇసుక తిన్నెలు భగభగ మండుతున్నాయి. వీధుల్లో నరసంచారం లేదు... కుక్కలు సైతం మోరీల్లో దూరి రొప్పుతున్నాయి. మబ్బు తునక లేని ఆకాశంలో ఎక్కడో ఉరిమింది. పట్టపగలు, కల్యాణి ఇంటి వెనక చింతచెట్టు మీద గుడ్లగూబ కూసింది!

అర్ధరాత్రికి భయపడి తలుపులు బిగించుకునే జనం ఈ వేళను మరిచిపోతారు. క్షుద్రశక్తులకు నడిరేయి ఎంత ప్రీతో నడిమధ్యాహ్నమూ అంతే ప్రీతి. పైగా, ఈ వేళ అందరూ తిని పడుకుంటారు... కేక పెట్టినా లేచేవాడుండడు.

ఆ ఇంటి వెనకగదిలో చెక్క చట్రం మగ్గం ముందు కల్యాణి కూర్చుని ఉంది. జుట్టు విరబోసుకుని ఉంది. కళ్ళు ఏడ్చి ఏడ్చి ఉబ్బాయి. చేతులు మాత్రం చకచకా నేస్తున్నాయి.

నేస్తున్నది ఆమె కాదు! ఆ చేతులు ఆమె మాట విని మూడు రోజులైంది...

కల్యాణికి నేత కులవృత్తి కాదు, సరదా. భర్త విలాస్ సర్కారీ ఆఫీసులో గుమాస్తా. అతను పనికి వెళ్ళాక ఫోనులో వీడియోలు చూసి నేర్చుకుంది. కురుమలు వడికిన తెల్లటి ఉన్ని నూలు కొని, మోదుగపూలు ఉడికించి పసుపు, కరక్కాయ నీళ్ళలో ఇనుప ముక్క వేసి నలుపు అద్దేది. రంగుల కిటుకులన్నీ అత్త దుర్గమ్మ చెప్పినవే. ఆ వాడలో కల్యాణి తివాచీ లేని ఇల్లు లేదు. కాకపోతే వాటిని అడిగి తీసుకున్నవాళ్ళూ లేరు! పుట్టినరోజని ఒకరికి, గృహప్రవేశమని ఒకరికి తనే అంటగట్టింది. ఒక్కరైనా "నాకొకటి నేసియ్యి" అని అడగాలని ఆమెకు ఎంత ఆశో...

ఆ ఆశే ఆమె కొంప ముంచింది.

పన్నెండు రోజుల క్రితం కొండయ్య వచ్చాడు. పక్క సందులో కొత్తగా అద్దెకు దిగిన తాయెత్తుల మనిషి. నల్లటి విగ్రహం, ఎర్రటి కళ్ళు, రెండు ముంజేతులకూ లావుపాటి ఇనుప కడియాలు.

"నేను కూసునేటందుకు నీ చేతి తివాచీ కావాలె బిడ్డా. నీ అంత పనితనం నేనెక్కడ సూడలే" అన్నాడు.

కల్యాణి మురిసిపోయింది. అతడు కాగితం మీద బొమ్మ గీసి ఇచ్చాడు... మగ్గం ముందు కూర్చున్న స్త్రీ బొమ్మ. రంగుకు తనే ఎర్రటి పొడి పొట్లం ఇచ్చాడు. ఒకటే షరతు పెట్టాడు.

"నూలుకు కరక్కాయ నీళ్ళు తగలొద్దు. తగిలితే నా పూజకు పనికిరాదు."

"కరక్కాయ పెట్టకుంటే రంగు నిలువది గద కాకా! తడిస్తే కారిపోతది."

"తడిపేదెవ్వరు బిడ్డా?" కొండయ్య నవ్వాడు.

మంత్రాలు వెయ్యి వచ్చినా ఆ మహానుభావుడికి అద్దకం ఒక్క ముక్క రాదు! కరక్కాయ తాకిన నూలును ఏ పిశాచమూ అంటదని మాత్రమే వాడికి తెలుసు. రంగు గురించి ఆ ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళకు తెలిసినంత వాడికి తెలియదు.

ఆ పొడి ఉడికిన గిన్నెలోంచి కాష్ఠం కాలిన వాసన వచ్చింది. అందులో కలిపింది ఊరూ పేరూ లేని ఒక శవం తాలూకు ఎముకల బూడిద అని కల్యాణికి తెలియదు. దుర్గమ్మ మాత్రం గిన్నెలోకి తొంగి చూసి మొహం చిట్లించింది.

"కరక్కాయ లేకుండ నూలు ముంచుతరానే? ఒక్క ఉతుకుకు తెల్లగైతది. కరక్కాయ, ఇనుము కలిసిన నలుపు సూడు... చచ్చినా పోదు."

"ఆయనకు గట్లనే కావాలంట అత్తా."

నేత మొదలైంది. ఉన్ని దారం అయిపోయినప్పుడల్లా రెండు కొసలూ నాలుక మీద తడిపి, అరచేతుల మధ్య నులిమి అతికించడం ఆమె అలవాటు. నేసేవాళ్ళు చాలామంది చేసేదే. కొండయ్య కిటికీలోంచి పొంచి చూసి కనిపెట్టింది ఆ అలవాటునే! ఎంగిలి తగిలిన ప్రతి దారం ఆమె ప్రాణాన్ని కొంచెం కొంచెం తోడుకుంది. బూడిద ఆమె ఒంట్లోకి దిగింది...

బొమ్మకు పాదాలు నేసిన సాయంత్రం ఆమె కాళ్ళు ఆమెవి కాకుండా పోయాయి! లేస్తే లేస్తాయి, వంటింటికి నడిస్తే నడుస్తాయి. గడప దాటబోతే మాత్రం గిర్రున వెనక్కి తిరిగి మగ్గం దగ్గరికి తెస్తాయి. బొమ్మకు నడుము నేశాక నడుము, చేతులు నేశాక చేతులు... గొంతు సంగతి మొదటి ఎంగిలితోనే అయిపోయింది. ఏం చెప్పబోయినా ఒకటే మాట వస్తుంది.

"ఏందే, అన్నం సల్లారుతున్నది. లేస్తవా లేవవా?" అని దుర్గమ్మ అడిగితే, 'అత్తా, నన్ను లాగెయ్, ఈ మగ్గం ఇరగ్గొట్టు!' అని లోపల గుండె పగిలేలా అరిచేది. గొంతు మాత్రం "ఇంకొంచెమే ఉంది అత్తా" అనేది.

ఆఫీసు పని మీద చామోర్షి వెళ్ళిన విలాస్ ఫోన్ చేస్తే, "ఇంకొంచెమే ఉంది."

అందరూ నవ్వుకున్నారు. మగ్గం ముందు కూర్చుంటే కల్యాణికి లోకం తెలియదని వాడకట్టంతా ఎరిగినదే గదా! సొంత ఇంట్లో, సొంత మనుషుల మధ్య, కళ్ళెదుటే ఆమె కట్టుబడిపోతుంటే ఒక్కరికీ అనుమానం రాలేదు. అంతకన్నా ఘోరమైన చెర ఎక్కడుంటుంది?

ఒక్కటి మాత్రం దుర్గమ్మ గమనించింది. "నాలుక గింత ఎర్రగైంది, పాన్ తిన్నవా ఏంది?" అంది నిన్న. కల్యాణి కళ్ళు ఆశగా మెరిశాయి... ముసలమ్మ అప్పటికే పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

ఈరోజు గడ్డం వరకు అయింది. మిగిలింది నోరు, ముక్కు, కళ్ళు... నాలుగు వేళ్ళ నేత!

దడాల్న తలుపు తెరుచుకుంది. కొండయ్య! చంకలో ఎర్రగుడ్డ మూట. లోపలికి రాగానే గడియ వేశాడు. మూట విప్పాడు. కపాలం...! పసుపు పచ్చబడిన పళ్ళు, చీకటి గూడు కట్టిన కంటి గుంటలు.

"ఇగ అయిపాయె బిడ్డా" అన్నాడు పళ్ళికిలించి. "కండ్లు నేస్తివా, నువ్వు బొమ్మల ఉంటవ్. నీ ఒంట్ల ఇది ఉంటది. నీ కాపురం చేసేది, నీ మొగుని పక్కన పండేది, నా మాట వినేది... అన్నీ ఇదే!"

కపాలంలోంచి గరగరమని శ్వాస వినబడింది. గదిలో గాలి స్తంభించింది. పడుగు దారాలు వీణ తీగల్లా వణికాయి. కొండయ్య గొంతు పెరిగింది. "హ్రీం... హూం... ఆవేశయ... ఆవేశయ...!"

మజ్జిగ గ్లాసుతో వచ్చిన దుర్గమ్మ తలుపు తట్టింది. లోపల మగ గొంతు! గ్లాసు అక్కడే పడేసి పెరటి కిటికీకి పరుగెత్తింది. ఊచల మధ్యనుంచి చూసి కొయ్యబారిపోయింది. కపాలం... మంత్రగాడు... తివాచీలో ఎర్రటి బొమ్మ! ఆ కూర్చున్న తీరు, ఆ భుజాల వాలు, ముమ్మూర్తులా కోడలే.

"కల్యాణీ! ఏందే ఇది? లేవ్!"

"ఇంకొంచెమే... ఉంది... అత్తా" అంది కల్యాణి గొంతు. కళ్ళలో నీళ్ళు బొటబొటా కారుతున్నాయి.

గొంతు తనది కాదు. చేతులు తనవి కావు. నోరు మాత్రం ఇంకా బొమ్మలోకి పోలేదు... నాలుక ఇంకా తనదే! కల్యాణి ఉన్న శక్తినంతా కూడగట్టి, అత్త వైపు తిరిగి, నాలుక బయటికి చాపింది.

ఎర్రటి నాలుక! చుక్క ఉమ్మికే దారాన్ని వదిలి వచ్చేసిన ఎరుపు!

విరబోసిన జుట్టు, చింతనిప్పుల కళ్ళు, గడ్డం దాకా వేలాడిన రక్తవర్ణపు జిహ్వ... కొండయ్య తలెత్తి చూశాడు. తను పిలిచింది ఒకటైతే వచ్చింది ఇంకొకటా? "అ... అమ్మా...!" మంత్రం తడబడింది. ఒక్క అక్షరం జారింది.

దుర్గమ్మకు దేవత కనబడలేదు. ఆమెకు కనబడింది రంగు.

"కరక్కాయ పెట్టని రంగు!" అని గావుకేక వేసింది.

పెరట్లో, రేపటి నూలు కోసం రాత్రి తను నానేసిన కరక్కాయ నీళ్ళ బకెట్ ఉంది. అరవై రెండేళ్ళ దుర్గమ్మ దాన్ని ఎలా లేపిందో ఆమెకే తెలియదు. ఊచల మధ్యనుంచి ఒక్క ఊపున కుమ్మరించింది. ఫెళఫెళమని ఉరుము విరుచుకుపడింది!

ఎరుపు కరిగింది. బొమ్మ భుజాలు కరిగాయి, చేతులు కరిగాయి... నేలంతా ఎర్రటి మడుగు! "నా చేతులు!" కల్యాణి గొంతు పెగిలింది. వేళ్ళు దారాన్ని వదిలాయి. ఆమె వెనక్కి విరుచుకుపడి, పాక్కుంటూ పోయి గోడకు అతుక్కుంది.

"ఆగు! ఆగు!" కొండయ్య ఉన్మాదిలా మగ్గం మీద పడి, కారిపోతున్న రంగును రెండు అరచేతులతో అదిమి పట్టాడు. కరక్కాయ నీళ్ళు ఓడుతున్న నూలుకు వాడి ఇనుప కడియాలు తగిలాయి.

నలుపు పుట్టింది...!

కడియాల దగ్గర మొదలై కాటుక నలుపు దారం దారానికీ పాకింది. కపాలం వికటంగా అరిచింది. ఒళ్ళు ఇస్తానని పిలిచినవాడు ఇప్పుడు ఒళ్ళు చూపించాలి గదా! కరక్కాయ తాకిన నూలును అది అంటలేదు. కల్యాణి ఒళ్ళు చేజారింది. ఆ గదిలో నూలుకు కట్టుబడి ఉన్న ఒళ్ళు కొండయ్యది ఒక్కటే... కపాలంలోని పిశాచం వాడి వీపు మీదికి దూకింది.

"వద్దూ... నేను నీ గురువునిరా... ఆఁ...!"

అరచేతులు దారాల్లోకి దిగాయి. మోచేతులు, భుజాలు, రొమ్ము... నీళ్ళను పీల్చినట్టు నూలు పీల్చేసింది. కపాలం పిండి పిండిగా రాలింది. నేల మీద వాడి ధోవతి ఒక్కటే మిగిలింది.

ఆ సాయంత్రం దుర్గమ్మ తివాచీని మగ్గం మీదే మూడుసార్లు కడిగింది. ఎరుపు మచ్చ లేదు. తెల్లటి ఉన్ని మీద నల్లటి మనిషి బొమ్మ, చేతులు చాచి కూర్చుని ఉంది. నేసినంత మేరకే, గడ్డం దాకా ఉంది. అది పోలేదు.

"కోసి పొయ్యిల పెడతనే" అని కత్తెర తెచ్చింది.

కల్యాణి ఆమె చెయ్యి పట్టుకుంది. "వద్దత్తా. పడుగు తెగితే వాడు ఇడిపించుకుంటడో ఏమో. ఉండనియ్."

మర్నాడు బస్సు దిగి వచ్చిన విలాస్ మగ్గం ముందు నిలబడి తల గోక్కున్నాడు. "ఎవ్వరి బొమ్మనే ఇది? మంచిగనే వచ్చింది గని, నోరు, కండ్లు లేకపాయె. ఎన్నడు పూర్తి చేస్తవ్?"

కల్యాణి కొత్త చట్రానికి పడుగు కడుతోంది. పక్కన చిన్న గిన్నెలో నీళ్ళున్నాయి. ఇప్పుడామె దారం కొసలు అందులోనే తడుపుతుంది. తలెత్తి ఆ నల్లటి గడ్డం పైన ఖాళీగా మిగిలిన నాలుగు వేళ్ళ పడుగును చూసింది. గోడ గడియారం పన్నెండు కొట్టింది. గాలి లేకపోయినా ఆ దారాలు సన్నగా వణికాయి... మంత్రం చదవడానికి ఒక నోటి కోసం!

"ఇంకొంచెమే ఉంది" అంది కల్యాణి, తన సొంత గొంతుతో. "ఎన్నటికీ గంతే ఉంటది."